సోఫీ టాయిబర్-ఆర్ప్: రెండు ప్రపంచ యుద్ధాల నడుమ జ్యామితీయ నైరూప్య కళ

సోఫీ టాయిబర్-ఆర్ప్ (1889–1943) స్విట్జర్లాండ్‌లో పుట్టి జ్యూరిచ్‌లో, స్ట్రాస్‌బర్గ్‌లో, పారిస్ పొలిమేరల్లో పనిచేసిన చిత్రకారిణి. ఇరవయ్యో శతాబ్దపు జ్యామితీయ నైరూప్య కళకు పునాది వేసినవారిలో ఒకరు. చతురస్రం, దీర్ఘచతురస్రం, త్రిభుజం, వృత్తం, సరళరేఖ: దాదాపు ముప్ఫై ఏళ్ల పాటు ఆమె పనికి ఈ కొద్దిపాటి సరంజామా చాలింది. వాటితోనే ఊలు కుట్టుపని, పూసల సంచులు, కొయ్యబొమ్మలు, భోజనశాలల గోడలు, రంగు గాజు కిటికీలు, తైలవర్ణ చిత్రాలు, చెక్క రిలీఫులు (ఉబ్బెత్తు చెక్కడాలు) చేసింది. నాట్యం చేసింది, పాఠాలు చెప్పింది, ఇంటికి ప్లాన్ గీసింది, కళాపత్రిక నడిపింది. చేతిపనికీ చిత్రకళకూ మధ్య గోడ కట్టకపోవడం ఆమె కళకు మూలబలం. ఆ గోడను నమ్మిన కళాచరిత్ర మాత్రం ఆమెను చాలాకాలం వెనుక వరుసలోనే ఉంచింది.

బాల్యం, చదువు

సోఫీ 1889 జనవరి 19న స్విట్జర్లాండ్‌లోని డావోస్‌లో పుట్టింది. మందుల దుకాణం నడిపిన తండ్రి, ఆమెకు రెండేళ్లున్నప్పుడు క్షయతో చనిపోయాడు. తల్లి పిల్లలను వెంటబెట్టుకుని ఆపెన్‌జెల్ ప్రాంతంలోని ట్రోగెన్‌కు చేరి, అక్కడ బసతో పాటు భోజనం పెట్టే వసతిగృహం నడిపి సంసారాన్ని ఈదింది. కూతురికి సూది పట్టడం నేర్పింది కూడా తల్లే.

ట్రోగెన్‌కు దగ్గర్లోని సెయింట్ గాలెన్ ఆ రోజుల్లో ఎంబ్రాయిడరీకీ లేసుకూ పేరుమోసిన పట్టణం. అక్కడి కుట్టుపని స్విట్జర్లాండ్ ప్రధాన ఎగుమతుల్లో ఒకటి. సోఫీ ఆ ఊరి వృత్తికళల పాఠశాలలోనే బట్టల డిజైను నేర్చుకుంది. ఆ తరవాత మ్యూనిక్‌లోని డెబ్‌షిట్స్ కళాశాలలో చేరింది. చిత్రకళనూ చేతివృత్తులనూ ఒకే కప్పు కింద నేర్పే బడి అది. స్త్రీలకూ పురుషులకూ అక్కడ ఒకే చోట చదువు. నడుమ ఒక ఏడాది హాంబర్గ్‌లో గడిపింది. చదువు ముగిసేసరికి నేత, కుట్టు, చెక్కపని, డ్రాయింగు ఆమె చేతికి ఒకే స్థాయిలో పట్టుబడ్డాయి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఆమె జర్మనీ వదిలి స్వదేశం చేరుకుంది. యుద్ధంలో ఏ పక్షమూ చేరని స్విట్జర్లాండ్‌కు, ముఖ్యంగా జ్యూరిచ్‌కు, నాలుగు దిక్కుల నుంచీ కవులు, చిత్రకారులు, యుద్ధాన్ని వ్యతిరేకించినవారు తరలివస్తున్నారు. 1915 నవంబరులో అక్కడి టానర్ గ్యాలరీలో జరిగిన ఒక ప్రదర్శనలో ఆమెకు స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టిన కవి, కళాకారుడు హాన్స్ ఆర్ప్ (ఫ్రెంచిలో జాన్ ఆర్ప్) పరిచయమయ్యాడు. 1922లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

పడుగు పేకల నుంచి గళ్ల చిత్రం

1915–16 నుంచి ఆమె చేసిన కూర్పులకు ఎక్కువగా ఒకే తీరు పేర్లు కనిపిస్తాయి: నిలువు-అడ్డం కూర్పు. కాగితాన్నో బట్టనో నిలువు, అడ్డగీతలతో గళ్లుగా విభజించి, ఒక్కో గడిని ఒక్కో రంగుతో నింపడం ఈ కూర్పుల పద్ధతి. కొన్ని రంగు పెన్సిలుతోనో గువాష్ అనే నీటిరంగుతోనో వేసినవి, మరికొన్ని ఊలుతో కుట్టినవి.

ఆ కాలపు ఇతర నైరూప్య చిత్రకారులతో పోల్చినప్పుడు ఈ తీరు ప్రత్యేకత తెలుస్తుంది. మోండ్రియన్ చెట్టును, సముద్రాన్ని, చర్చి ముఖభాగాన్ని మళ్లీమళ్లీ గీస్తూ, ఒక్కో వివరాన్నీ వదిలించుకుంటూ చివరికి గళ్ల దగ్గరికి చేరాడు. కాండిన్‌స్కీ కొండలు, గుర్రపు రౌతులు ఉన్న దృశ్యాలను రంగుల్లో కరిగిస్తూ నైరూప్యానికి వచ్చాడు. సోఫీకి అంత దూరం నడవాల్సిన పని పడలేదు. గళ్లు ఆమెకు బట్టలోనే దొరికాయి.

గళ్ల కాన్వాస్ మీద ఊలుతో కుట్టేవాళ్లకు ఈ సంగతి చేతి అనుభవం. బట్టలో పడుగు దారాలు నిలువుగా, పేక దారాలు అడ్డంగా ఉంటాయి. అవి కలిసే చోట చిన్న కన్నం. సూది ఆ కన్నంలోంచే దిగాలి, పక్క కన్నంలోంచే పైకి రావాలి. గుండ్రని పువ్వును కుట్టబోతే దాని అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. చతురస్రమైతే ఏ వంకా లేకుండా కుదురుతుంది. ఎన్ని కుట్లు ఎరుపు, ఎన్ని నలుపు అని లెక్కపెట్టుకుంటూ పోతే దీర్ఘచతురస్రం దానంతటదే తయారవుతుంది. ప్రకృతిని అనుకరించకుండా, వస్తువు స్వభావాన్నే చిత్రానికి విషయం చేయడం ఆమె కుట్టు దగ్గర నేర్చిన పాఠం. దాన్ని ఆమె కాగితం మీదికీ ఆ పైన తైలవర్ణంలోకీ తెచ్చింది. 1918లో వేసిన మూడు పలకల పెద్ద చిత్రం ఇప్పుడు జ్యూరిచ్ కళామందిరంలో ఉంది. నిలువు, అడ్డం గళ్ల నడుమ ఒకదానికొకటి ఎదురు తిరిగిన త్రిభుజాలు, మధ్యమధ్య బంగారు మెరుపు ఉన్న ఆ చిత్రం ఈ దశకు శిఖరం.

అదే ఏడాది ఆర్ప్‌తో కలిసి కాగితపు కొలాజులు చేసింది. కాగితాన్ని కత్తెరతో కత్తిరిస్తే చేతి ఒయ్యారం అంచులో తెలిసిపోతుందని, ఇద్దరూ కత్తెర మాని కాగితాలు కోసే యంత్రం వాడారు. గీతలో వ్యక్తి వాటం లేకుండా చేయడం వారి ఉద్దేశం. ఫలానా ముక్క ఎవరు కోశారు, ఎవరు అతికించారు అని విడదీసి చెప్పడానికి వీల్లేకుండా ఆ కొలాజులు తయారయ్యాయి.

దాదా, నాట్యం, కొయ్యబొమ్మలు

1916 ఫిబ్రవరిలో జ్యూరిచ్‌లో కాబరే వోల్టేర్ అనే ప్రదర్శనశాల తెరుచుకుంది. లక్షల మందిని బలి తీసుకుంటున్న యుద్ధాన్నీ, దాన్ని సమర్థించే మర్యాదస్తుల సంస్కృతినీ ధిక్కరిస్తూ పుట్టిన దాదా ఉద్యమానికి అది పురిటిల్లు. సోఫీ ఆ బృందంలో తొలినాళ్ల నుంచీ ఉంది. రుడాల్ఫ్ ఫాన్ లాబాన్ దగ్గర ఆధునిక నృత్యం నేర్చుకుంటూ, 1917లో దాదా గ్యాలరీలో మార్సెల్ యాంకో చేసిన ముఖం తొడుక్కుని, హ్యూగో బాల్ రాసిన ధ్వని కవితలకు నాట్యం చేసింది. పగలు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయిని కాబట్టి ఈ ప్రదర్శనలు అధికారులకు నచ్చేవి కావు. ముఖం కప్పే తొడుగు ఆ ఇబ్బందికి కూడా అక్కరకొచ్చింది.

1918లో స్విస్ వెర్క్‌బుండ్ (రూపకల్పన, చేతివృత్తుల సంఘం) ప్రదర్శన సందర్భంగా జ్యూరిచ్‌లో పెట్టిన బొమ్మలాట నాటకశాల కోసం ఆమె 'కింగ్ స్టాగ్' నాటకానికి 17 కొయ్యబొమ్మలను, రంగాలంకరణను రూపొందించింది. కార్లో గోజీ రాసిన పద్దెనిమిదో శతాబ్దపు ఇటాలియన్ కథను జ్యూరిచ్‌లో అప్పుడు వేడివేడిగా నలుగుతున్న మనోవిశ్లేషణ చర్చల మీద వ్యంగ్యంగా తిరగరాసిన నాటకం అది. పాత్రల పేర్లలోనే ఫ్రాయిడ్, ఈడిపస్ కాంప్లెక్స్ కనిపిస్తాయి.

ఈ బొమ్మలను దగ్గరగా చూస్తే ఆమె ఆలోచన తేటపడుతుంది. కొయ్యను లేత్ మీద తిప్పి తీసిన శంకువులు, గోళాలు, స్తంభాలను కొక్కేలతో తగిలించింది. మనిషి ఒంటిని పోలిన మెత్తదనం తెచ్చే ప్రయత్నం లేదు. కీళ్లను దాచలేదు. తీగ లాగినప్పుడు మోచెయ్యి ఎక్కడ వంగుతుందో, తల ఎక్కడ తిరుగుతుందో ప్రేక్షకుడికి కళ్లారా కనిపిస్తుంది. కాపలా భటుడి బొమ్మకు వెండి రంగు పూసిన గొట్టాల వంటి అనేక కాళ్లు, కత్తులు పట్టిన అనేక చేతులు ఉన్నాయి. ఒక సైన్యం మొత్తాన్ని ఒక్క యంత్రంలో ఇమిడ్చిన ఆ బొమ్మ, యుద్ధం మనిషిని ఏం చేసిందో ఒక్క మాట లేకుండా చెబుతుంది. నైరూప్య రూపం కదలగలదని, పాత్ర పోషించగలదని ఈ బొమ్మలు నిరూపించాయి.

దాదా శిరస్సులు కూడా ఈ కాలానివే. టోపీల దుకాణంలో టోపీ నిలిపే దిమ్మెలను పోలిన కొయ్య తలల మీద ఆమె ముక్కు, కళ్ల స్థానంలో రంగుల రేఖాకృతులు వేసింది. 1920 నాటి శిరస్సు ఒకటి న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. ఎత్తు సుమారు 23 సెంటీమీటర్లు. తీగకు గుచ్చిన పూసలు దానికి అలంకారం. చిత్రం, శిల్పం, నగ మూడూ ఒకే వస్తువులో కలిసిన తీరు అందులో చూడవచ్చు.

ఉపాధ్యాయిని

1916 నుంచి 1929 దాకా జ్యూరిచ్ వృత్తికళల పాఠశాలలో ఆమె బట్టల డిజైను, కుట్టు, నేత నేర్పింది. దంపతులిద్దరికీ నిలకడైన రాబడి ఆ ఉద్యోగమే. ఆర్ప్ కవిత్వం, శిల్పం సాగించగలిగాడంటే ఆ జీతం ఆసరా అందులో పెద్దది.

1922లో అలంకరణ బోధన గురించి రాసిన వ్యాసంలో ఆమె ఒక సూటి ప్రశ్న వేసుకుంది: లోకంలో అక్కరకొచ్చే పనులు ఇన్ని ఉండగా ఈ నమూనాలు, రంగుల మేళవింపులు ఎందుకు? వాడుకునే వస్తువులను అందంగా చేసుకోవాలనే కోరిక మనిషిలో లోతుగా ఉన్నదేనని, అది డాబుకో హోదాకో పుట్టింది కాదని ఆమె జవాబు. 1927లో సహోపాధ్యాయిని బ్లాంష్ గోషాతో కలిసి బట్టల వృత్తుల విద్యార్థులకు డ్రాయింగు బోధన మీద ఒక కరదీపిక రాసింది. 1925లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ అలంకరణ కళల ప్రదర్శనకు న్యాయనిర్ణేతల్లో ఒకరిగా వెళ్లింది.

ఓబెత్: నడిచి తిరగగల చిత్రం

1926లో స్ట్రాస్‌బర్గ్ నడిబొడ్డున క్లేబర్ కూడలిలో ఉన్న ఓబెత్ అనే పాత భవనంలో వినోదశాల పెట్టదలచిన హోర్న్ సోదరులు అలంకరణ పనిని ఆమెకు అప్పగించారు. పని చాలా పెద్దది కావడంతో ఆమె, ఆర్ప్ కలిసి డచ్ చిత్రకారుడు, డి స్టైల్ పత్రిక సంపాదకుడు తెయో ఫాన్ డూస్‌బర్గ్‌ను తోడు పిలిచారు. కెఫేలు, టీ గది, బార్లు, సినిమా హాలు, నేలమాళిగలో నృత్యశాల: ఒక్కో గదిని ఒక్కొక్కరు పంచుకున్నారు. టీ గది, మిఠాయి దుకాణం, ఫోయే బారు, ఓబెత్ బారు సోఫీ వంతు.

1928 ఫిబ్రవరిలో ఓబెత్ తెరుచుకుంది. అప్పటిదాకా జ్యూరిచ్‌లో అరచేతి వెడల్పు బట్ట మీద కుట్టిన గళ్లు ఇక్కడ గోడల మీదికి, పైకప్పు మీదికి పరచుకున్నాయి. చిత్రం ముందు నిలబడి చూడటం పోయి, చిత్రంలోపలే కూర్చుని టీ తాగే స్థితి వచ్చింది. గది మూలలు, తలుపులు, దీపాలు, గోడ కొలతలు ఆమె లెక్కలో భాగమయ్యాయి. ఏ గోడ మీద వెలుగు ఎక్కువ పడుతుంది, జనం ఎటు నడుస్తారు అన్నదాన్ని బట్టి రంగుల గళ్ల చోటు నిర్ణయమయ్యేది. అదే కాలంలో హోర్న్ సోదరుల్లో ఒకరైన ఆండ్రే నివాసానికి ఆమె రంగు గాజు కిటికీలు కూడా చేసింది.

ఓబెత్‌కు వచ్చేపోయే జనానికి ఈ అలంకరణ రుచించలేదు. యజమానులు త్వరలోనే మార్పులు మొదలుపెట్టారు, 1930ల చివరికి అసలు పని కనుమరుగైంది. పై అంతస్తులోని గదులను దశాబ్దాల తరవాత పునరుద్ధరించారు. 2006 నుంచి సందర్శకులు ఫోయే బారును మళ్లీ చూడగలుగుతున్నారు. ఫాన్ డూస్‌బర్గ్ తన పత్రికలో ఓబెత్‌కు ఒక సంచికే కేటాయించడంతో ఆ పని ప్రధానంగా అతనిదేనన్న పేరు పుస్తకాల్లో పాతుకుపోయింది. మొదట పని అందుకున్నది ఎవరన్న విషయం చాలాకాలం మరుగునపడింది.

క్లమార్ ఏళ్లు: వృత్తం, ఖాళీ, రిలీఫు

ఓబెత్ ఆదాయంతో దంపతులు పారిస్‌కు నైరుతిగా ఉన్న క్లమార్‌లో స్థలం కొన్నారు. ఇంటికి ప్లాన్ గీసింది సోఫీయే. స్థానికంగా దొరికే గరుకు రాతితో కట్టిన, ఆడంబరం లేని పెట్టె ఆకారపు ఇల్లు అది. పైన పనిచేసుకునే గదులు, లోపల ఆమె స్వయంగా డిజైను చేసిన సామాను. 1929లో ఉద్యోగం మానేసి అక్కడ స్థిరపడింది. ఆ ఇల్లు ఇప్పుడు ఆర్ప్ ఫౌండేషన్‌గా సందర్శకులకు అందుబాటులో ఉంది.

పూర్తికాలం చిత్రకళకు అంకితమైన దశ ఇదే. 1930లో సెర్కిల్ ఎ కారే బృందంతో, 1931లో ఆబ్‌స్త్రాక్సియోన్-క్రియాసియోన్ బృందంతో కలిసి ప్రదర్శనల్లో పాల్గొంది. కలల లోకాన్ని చిత్రించే సర్రియలిజం పారిస్‌ను ఏలుతున్న రోజుల్లో, జ్యామితిని నమ్ముకున్న చిత్రకారులు ఒకరికొకరు అండగా నిలిచేందుకు పెట్టుకున్న సంఘాలివి.

ఈ కాలంలో చతురస్రం పక్కన వృత్తం వచ్చి చేరింది. గళ్ల చిత్రంలో ప్రతి గడీ పక్క గడిని ఆనుకుని ఉంటుంది, కదలదు. వృత్తం దేన్నీ ఆనుకోదు. తెల్లని నేల మీద ఒకటి పెడితే అది తేలుతున్నట్టుంటుంది. రెండోదాన్ని కాస్త పక్కకు జరిపితే దొర్లబోతున్నట్టుంటుంది. 1930 నాటి 'వృత్తాలు, ఒకదానిపై ఒకటి వచ్చిన కోణాలతో కూర్పు'లోనూ, 1932 నాటి 'నాలుగు చిన్న శిలువలతో ఆరు క్షేత్రాలు' అనే చిత్రంలోనూ ఆమె పరీక్షించింది ఈ నిలకడ-కదలికల బంధాన్నే. రెండో చిత్రంలో కాన్వాస్ ఆరు భాగాలుగా విడిపోయి ఉంటుంది. ఒక్కో భాగంలోని చిన్న రూపాలు దేని చోట అది ఉన్నట్టే ఉంటాయి, అయినా కన్ను ఒకదాని నుంచి మరోదానికి పరుగెడుతూనే ఉంటుంది. స్కేలు, వృత్తలేఖినితో గీసిన చిత్రాల్లో నాట్యకారిణి శరీరానికి తెలిసిన తూకం పనిచేయడమే వాటి జీవం. ఒంటికాలి మీద నిలబడినవారు ఎటు వాలితే పడతారో, ఎంత వాలినా పడరో తెలిసిన చేతి కొలత అది.

1930ల రెండో సగంలో ఆమె చెక్క రిలీఫుల వైపు మళ్లింది. 1938 నాటి ఒక రిలీఫు పేరు పొడవాటి జాబితాలా ఉంటుంది: కోసిన వృత్తాలు, రంగువేసిన, కోసిన చతురస్రాలు, పైకి లేచిన ఘనాలు, స్తంభాలు ఉన్న దీర్ఘచతురస్ర రిలీఫు. పేరు ఎంత నిక్కచ్చిగా ఉందో వస్తువూ అంతే. పలకలో తొలిచిన చోట నీడ నల్లని రంగుగా పనిచేస్తుంది. పైకి లేచిన చోట పక్కనుంచి వెలుగు పడి తెలుపు రెండు మూడు ఛాయలవుతుంది. వెలుగు మారితే చిత్రం మారుతుంది. ఆమె రంగుల రిలీఫులను మెచ్చుకుంటూ కాండిన్‌స్కీ ఒక వ్యాసం రాశాడు.

1937 నుంచి 1939 దాకా 'ప్లాస్టిక్' అనే కళాపత్రికకు ఆమె సంపాదకత్వం వహించింది. అమెరికా, యూరప్ నైరూప్య చిత్రకారులను కలిపే వంతెనగా వచ్చిన ఆ పత్రిక అయిదు సంచికలతో ఆగిపోయింది. మొదటి సంచికను, 1935లో చనిపోయిన రష్యన్ చిత్రకారుడు మాలెవిచ్‌కు అంకితం చేసింది. పత్రిక మొదలైన 1937, జర్మనీలో నాజీలు ఆధునిక కళను పతిత కళ అని ముద్రవేసి గోడలమీంచి దింపుతున్న ఏడాది. అలాంటి సమయంలో నైరూప్య కళకు పత్రిక పెట్టడం తెగువతో కూడిన పని.

తోటి స్త్రీలు

రెండు యుద్ధాల నడుమ జ్యామితీయ కళలో సోఫీ ఒంటరి కాదు. ఆమె పుట్టిన 1889లోనే పుట్టిన రష్యన్ చిత్రకారిణి ల్యుబోవ్ పొపోవా, వర్వరా స్టెపనోవాతో కలిసి 1920ల మొదట్లో మాస్కో నూలుబట్టల అచ్చు కర్మాగారానికి డిజైన్లు చేసింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో పుట్టిన మార్లో మాస్ జంట గీతల చిత్రాలతో మోండ్రియన్ దృష్టిని ఆకట్టుకుంది. సోనియా డెలోనే పారిస్‌లో రంగుల వలయాలను దుస్తుల మీదికి తెచ్చింది. పోలండ్‌లో కతర్జినా కోబ్రో ఖాళీ జాగానే ముడిసరుకుగా చేసుకుని లోహశిల్పాలు నిర్మించింది. జర్మనీలోని బౌహౌస్ కళాపాఠశాలలో చేరిన స్త్రీలను ఎక్కువగా నేత విభాగానికే పంపేవారు. అలా మగ్గం ముందుకు చేరిన ఆన్నీ ఆల్బర్స్ నేతనే ఆధునిక కళగా నిలబెట్టింది.

వీరిలో చాలామందికి బట్ట, కుట్టు, నేత దగ్గరి సంబంధం ఉండటం కాకతాళీయం కాదు. చిత్రకళాశాలల తలుపులు స్త్రీలకు సగమే తెరుచుకున్న రోజుల్లో చేతివృత్తుల బడి వారికి అందిన దారి. ఆ దారిలో నేర్చిన గళ్లు, పునరుక్తి, లెక్క నైరూప్య కళకు కావలసిన భాషే అయ్యాయి. ఈ ఉద్యమం స్త్రీలకు చోటిచ్చిందని చెప్పుకోవడం సగం నిజం. ఈ ఉద్యమ భాషలో కొంత భాగం స్త్రీల చేతిపనుల నుంచే వచ్చిందన్నది మిగతా సగం.

యుద్ధం, చివరి ఏళ్లు

1940 జూన్‌లో జర్మన్ సైన్యం పారిస్‌లోకి రాకముందే దంపతులు ఇల్లు వదిలి దక్షిణానికి వెళ్లిపోయారు. 1941 నుంచి గ్రాస్ పట్టణంలో ఉన్నారు. ఇటాలియన్ చిత్రకారుడు అల్బెర్తో మాన్యెల్లీ, సోనియా డెలోనే అక్కడ వారికి తోడు. నలుగురూ కలిసి చేసిన శిలాముద్రణల సంపుటి యుద్ధం తరవాత 1950లో వెలువడింది. రంగులు, కాన్వాసులు దొరకని ఆ రోజుల్లో సోఫీ కాగితం మీద రంగు పెన్సిళ్లతో గీతలు గీసింది. ఇన్నేళ్లు నిటారుగా నడిచిన రేఖ ఈ డ్రాయింగుల్లో మెలికలు తిరిగి, తనను తానే దాటుకుంటూ పోతుంది. చుట్టూ కూలుతున్న లోకంలో ఆమె గీత కొత్తది నేర్చుకోవడం మానలేదు.

అమెరికా వెళ్లాలన్న ప్రయత్నం ఫలించలేదు. 1942 చివర్లో ఇద్దరూ స్విట్జర్లాండ్ చేరారు. 1943 జనవరి 13 రాత్రి జ్యూరిచ్‌లో చిత్రకారుడు మాక్స్ బిల్ ఇంట్లో ఆమె పడుకున్న గదిలోని పొయ్యి గొట్టం మూసి ఉండటంతో కార్బన్ మోనాక్సైడ్ నిండి, నిద్రలోనే చనిపోయింది. ఆరు రోజులు గడిస్తే 54 నిండేవి.

గుర్తింపు

ఆమె తన పనుల మీద సంతకం, తేదీ అరుదుగా వేసేది. ఆర్ప్ ఆమె స్మృతికి జీవితాంతం కవితలు రాశాడు, ప్రదర్శనలు పెట్టించాడు. 1948లో గియోర్గ్ ష్మిట్ సంపాదకత్వంలో ఆమె కృతుల పట్టికతో పుస్తకం వచ్చింది. 1955లో కాసెల్‌లో జరిగిన తొలి డోకుమెంటా ప్రదర్శనలో ఆమె చిత్రాలకు చోటు దక్కింది. 1981లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆమె కృషిని సమీక్షిస్తూ ప్రదర్శన పెట్టింది. 1995లో స్విస్ జాతీయ బ్యాంకు 50 ఫ్రాంకుల నోటు మీద ఆమె బొమ్మను, వెనకవైపు ఆమె కళాకృతులను అచ్చువేసింది. ఆ శ్రేణి నోట్ల మీద ఉన్న ఆరుగురిలో ఏకైక మహిళ ఆమె. 2021–22లో బాసెల్, లండన్, న్యూయార్క్ నగరాల్లో జరిగిన పెద్ద ప్రదర్శన ఆమె దిండు గలీబులను, పూసల సంచులను, తైలవర్ణ చిత్రాలను ఒకే వరుసలో నిలిపింది.

ఆ వరుసే ఆమెకు సరైన చోటు. ఆర్ప్ భార్యగా, దాదా బృందంలో నర్తకిగా, కుట్టు నేర్పిన ఉపాధ్యాయినిగా విడివిడిగా చూసినంతకాలం ఆమె చిన్నగా కనిపించింది. కుట్టు సంచి నుంచి ఓబెత్ గోడ దాకా, కొయ్యబొమ్మ కీలు నుంచి తెల్లని కాన్వాస్ మీద తేలే వృత్తం దాకా ఒకే మనసు, ఒకే లెక్క పనిచేశాయని తెలిసినప్పుడు ఆమె ఎత్తు తెలుస్తుంది. జ్యామితీయ నైరూప్య కళ చరిత్రను ఇక మీదట ఎవరు రాసినా చిత్రకారుల స్టూడియోలతో పాటు మగ్గం నుంచీ, సూది నుంచీ కూడా మొదలుపెట్టవలసి ఉంటుంది. అందుకు అందరికంటే బలమైన సాక్ష్యం ఈమె పని.